ఆ పేరు ఎక్కడ చూశావని అడగండి

తెనాలి నుంచి ఒక పాఠకుడు రాశారు. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం పెద్దది, ముఖ్యమైనంత వరకు ఇక్కడ ఇస్తున్నాను.

“నాకు అరవై రెండేళ్లు. బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. మా నాన్నగారు కొన్న గ్రామఫోను రికార్డులు, నేను కొనుక్కున్న ఎల్పీలు, క్యాసెట్లు ఒక గది నిండా ఉన్నాయి. వాటిలో ఉన్న సమాచారం నాతోనే పోకూడదని ఐదేళ్లుగా మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో తెలుగు పాటల వివరాలు ఎక్కిస్తున్నాను. ఎవరైనా చేరి రాయగలిగే సంగీత డేటాబేస్ అది. మేం ఆరుగురం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకుని పని పంచుకుంటున్నాం. పోయిన ఏడాది బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కుర్రాడొకడు చేరాడు. మంచివాడే. కానీ ఏదో స్క్రిప్టు పెట్టి పాటల యాప్ నుంచి రెండు నెలల్లో నాలుగు వందల ఆల్బమ్‌లు దించేశాడు. ఒకే పాట ఐదారు చోట్ల ఉంది, ఒకే గాయకుడు మూడు పేర్లతో ఉన్నాడు, సంగీత దర్శకుడి పేరు గాయకుడి దగ్గర ఉంది. అడిగితే ‘యాప్‌లో అలాగే ఉంది అంకుల్’ అంటాడు. అతనితో మాటామాటా పెరిగి, మాలో అందరికన్నా బాగా తెలిసిన పెద్దాయన గ్రూపులోంచి వెళ్లిపోయారు. దానికి తోడు ‘మాయాబజార్’ పాటలకి సంగీతం ఎవరిదని రాయాలన్న గొడవ నాలుగు నెలలుగా తెగడం లేదు. ఒకరు మార్చింది ఇంకొకరు తిరగ్గొడుతున్నారు. రాత్రిళ్లు కూడా ఇదే టెన్షన్. కొత్తవాళ్లు చేసే ప్రతి మార్పూ మాలో ఇద్దరు ముగ్గురు చూసి ఒప్పుకుంటేనే లోపలికి వెళ్లేలా చేయాలా? లేక ఇదంతా వదిలేసి మనదే ఒక డేటాబేస్ పెట్టుకోవడం మంచిదా?”

అయ్యా, నమస్కారం.

మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్న మాట ఒకటుంది. ‘యాప్‌లో అలాగే ఉంది అంకుల్.’ మీకు అది నిర్లక్ష్యంగా వినిపించింది. నాకు మాత్రం ఆ కుర్రాడు సరైన జవాబే ఇచ్చాడనిపించింది. ఎక్కడ చూసి రాశాడో చెప్పాడు. చిక్కల్లా రెండే: మీరు అడిగాక చెప్పాడు, చూసిన చోటు మంచిది కాదు. మీ గ్రూపులో మిగతావాళ్లు ఎక్కడ చూసి రాశారో మీకు తెలుసా? ‘మాయాబజార్’ గురించి నాలుగు నెలలుగా మార్చుకుంటున్న ఆ ఇద్దరూ ఒక్కసారైనా ‘నేను ఫలానా చోట చూశాను’ అని మార్పుతోపాటు రాసే ఎడిట్ నోట్‌లో రాశారా? రాయలేదనే అనుకుంటున్నాను. రాసి ఉంటే గొడవ నాలుగు నెలలు సాగేది కాదు.

ముందు తలుపు మూసే సంగతి చూద్దాం. కొత్తవాళ్ల ప్రతి మార్పునీ మీ ముగ్గురే చూడాలంటే ఎంత పనో ఒకసారి లెక్కేయండి. నాలుగు వందల ఆల్బమ్‌లు, ఒక్కోదానిలో ఆరు పాటలు వేసుకుంటే రెండువేల నాలుగు వందల పాటలు. ఒక్కో పాటకి ఐదు నిమిషాలు పెట్టినా రెండు వందల గంటలు. అది ఒక్క కుర్రాడు రెండు నెలల్లో చేసిన పనికి మాత్రమే. మూడో వారానికి మీరు చూడకుండానే ‘సరే’ అనడం మొదలుపెడతారు. చూడకుండా వేసిన సరే వల్ల అసలు చూడని దానికన్నా ఎక్కువ నష్టం, ఎందుకంటే దానిమీద ఎవరో చూశారన్న ముద్ర ఉంటుంది. పైగా ఆ చోటు మనది కాదు. ఎవరిని రానివ్వాలో చెప్పే అధికారం మీకూ లేదు, నాకూ లేదు.

తెలియనివాళ్ల కోసం అక్కడి పద్ధతి రెండు ముక్కల్లో చెబుతాను. కొత్త ఆల్బమ్, కొత్త కళాకారుడు లాంటివి చేర్చడం చాలావరకు వెంటనే జరిగిపోతుంది. రెండు ఎంట్రీలని కలపడం, తీసెయ్యడం లాంటి పెద్ద మార్పులు ఏడు రోజులు ఓటుకి ఉంటాయి. ముగ్గురు ఒకే మాట మీద ఓటేస్తే ముందే తేలిపోతుంది. ఒక్కరూ ఓటెయ్యకపోతే గడువు తీరగానే మార్పు లోపలికి వెళ్లిపోతుంది. వ్యతిరేక ఓటు పడితే మాత్రం, ఎడిట్ చేసినవాళ్లు జవాబివ్వడానికి కనీసం 72 గంటలైనా దొరుకుతుంది. నమ్మకం సంపాదించినవాళ్లని, ఉన్న ఆటో ఎడిటర్లే ఓటేసి ఆటో ఎడిటర్లుగా, అంటే చాలా మార్పులు ఓటు కోసం ఆగకుండా చేయగలిగేవాళ్లుగా, ఎన్నుకుంటారు.

ఈ ఏర్పాటు వెనక ఒక చేదు అనుభవం ఉంది. 1990లలో సీడీని కంప్యూటర్‌లో పెడితే పాటల పేర్లు తెచ్చిపెట్టే సీడీడీబీ అనే సేవ ఉండేది. పేర్లన్నీ మామూలు జనం టైప్ చేసి పంపినవే. ఒకే సీడీకి మూడు రకాల స్పెల్లింగులు, తప్పు దిద్దే దారి సరిగా లేదు. ఆ తర్వాత అది వ్యాపారమైపోయి, జనం టైప్ చేసిన సమాచారానికే లైసెన్సులు వచ్చాయి. ఆ కోపంలోంచి పుట్టినవాటిలో మ్యూజిక్‌బ్రెయిన్జ్ ఒకటి. అందుకే అక్కడ పాట పేరు, మనిషి పేరు వట్టి అక్షరాలుగా ఉండవు. ప్రతి కళాకారుడికీ, ప్రతి రికార్డింగుకీ 36 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. పేరు ఎలా రాసినా మనిషి ఒక్కడే అని చెప్పేది ఆ సంఖ్యే. మీ కుర్రాడి స్క్రిప్టు దెబ్బ తిన్నది సరిగ్గా ఇక్కడే. యాప్ ఇచ్చేది అక్షరాలు. వాటి వెనక ఉన్న మనిషిని యాప్ ఇవ్వదు.

మన తెలుగు పేర్లతో ఇది ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు గానీ, ఆ కుర్రాడికి మీరు చెప్పాలి. తిట్టినట్టు కాకుండా, పక్కన కూర్చోబెట్టుకుని చూపించినట్టు. ‘బాలరాజు’తో మొదలుపెట్టండి. 1948లో వచ్చిన ఆ సినిమాకి దర్శకుడు ఘంటసాల బలరామయ్య. అందులోనే సంగీతంలో పనిచేసింది ఘంటసాల వెంకటేశ్వరరావు. ఒకే సినిమా, ఇద్దరు ఘంటసాలలు. ఇంటిపేరు మాత్రం చూసి కలిపేస్తే దర్శకుడు పాటలు పాడేస్తాడు. ఆ బలరామయ్యగారి మనవడే ఇవాళ్టి థమన్. అతని అసలు పేరులోనూ ఘంటసాల ఉంది. ఇక ‘శ్రీ’ అని వెతికి చూడమనండి. ‘సింధూరం’కి సంగీతం ఇచ్చిన శ్రీ, చక్రవర్తిగారి అబ్బాయి. రెండక్షరాలు కూడా లేని పేరు. వెతికితే శ్రీశ్రీతో సహా ప్రపంచంలోని శ్రీలంతా వస్తారు. అతని పేజీలో పేరు పక్కన ‘తెలుగు సినీ సంగీత దర్శకుడు, చక్రవర్తి కుమారుడు’ అని గుర్తు రాయకపోతే, తర్వాత వచ్చే ప్రతి స్క్రిప్టూ ఇంకో శ్రీని పుట్టిస్తుంది.

దీనికి తిరగేసిన కథ కీరవాణిగారిది. తెలుగు రికార్డు మీద ఎం.ఎం. కీరవాణి, తమిళంలో మరగతమణి, హిందీలో ఎం.ఎం. క్రీమ్. మూడు పేర్లు, మనిషి ఒక్కరే. ఇలాంటిచోట కంగారుపడి అన్ని రికార్డుల మీదా ‘కీరవాణి’ అని మార్చేస్తుంటారు కొందరు. అలా చేయకండి. తమిళ క్యాసెట్ అట్ట మీద మరగతమణి అని ఉంటే ఎంట్రీలోనూ అలాగే కనిపించాలి. లోపల మాత్రం అది ఒకే కళాకారుడి పేజీకి కట్టి ఉండాలి. అట్ట మీద ఉన్న పేరు, వెనకున్న మనిషి, రెండూ పోకుండా ఉంచే వీలు మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో ఉంది. రాజ్‌-కోటి విషయమూ అంతే. ఆ జంటకి ఒక ఎంట్రీ, టి.వి. రాజుగారి అబ్బాయి రాజ్‌కి ఒకటి, సాలూరి రాజేశ్వరరావుగారి అబ్బాయి కోటికి ఒకటి. కోటి విడిగా చేసిన సినిమాలు జంట ఖాతాలోకి పోకూడదు, జంటగా చేసినవి కోటి ఒక్కరి ఖాతాలోకి రాకూడదు.

ఇంకో చిన్న సంగతి, చాలామంది గమనించరు. పేర్లని అక్షరక్రమంలో పెట్టడానికి సార్ట్ నేమ్ అని ఒక గడి ఉంటుంది. దాన్ని ఊహించి నింపే బటన్ కూడా ఉంది. ఆ బటన్ చివరి మాటని ఇంటిపేరు అనుకుని ముందుకి తెస్తుంది. ఇంగ్లీషులో ‘రావు’ విడిగా రాసిన పేరు మీద నొక్కితే ఘంటసాల వెంకటేశ్వరరావుగారు ‘రావు’ కింద చేరతారు. సాలూరి రాజేశ్వరరావుగారూ అక్కడికే వస్తారు. మన సినీ సంగీతంలో సగం మంది రావు అనే ఒకే కుటుంబంలోకి వెళ్లిపోతారు. ఆ బటన్ నొక్కొద్దని మీ గ్రూపులో ముందే చెప్పుకోండి.

‘మాయాబజార్’ దగ్గరికి వస్తాను. మీకు నిద్ర పట్టనివ్వనిది అదే కదా.

మీ గ్రూపులో ఇద్దరూ నిజమే చెబుతున్నారు. 1957లో వచ్చిన ఆ సినిమాకి సంగీత దర్శకుడు ఘంటసాల. అలాగే, మొదట ఆ పని తీసుకున్నది సాలూరి రాజేశ్వరరావు. ఆయన ‘శ్రీకరులు దేవతలు’, ‘లాహిరి లాహిరి’, ‘చూపులు కలసిన శుభవేళ’, ‘నీ కోసమే నే జీవించునది’ అనే నాలుగు పాటలకి బాణీలు కట్టి తప్పుకున్నారు. వాటికి వాద్యాలు కూర్చి రికార్డు చేయించింది ఘంటసాల. మిగతా పాటలు పూర్తిగా ఆయనవే. ఒకరు ఆల్బమ్ మొత్తానికి రాజేశ్వరరావుగారి పేరు పెడుతున్నారు, ఇంకొకరు తీసేసి ఘంటసాల పేరు పెడుతున్నారు, అంతేనా? ఇద్దరూ రెండు వేరువేరు ప్రశ్నలకి ఒకే గడిలో జవాబు రాయబోతున్నారు. రికార్డు మీద ఏం అచ్చు వేశారు అనేది ఒక ప్రశ్న. బాణీ ఎవరు కట్టారు అనేది ఇంకొకటి. మొదటిదానికి జవాబు ఆల్బమ్ స్థాయిలో ఉండాలి, అట్ట మీద ఎలా ఉంటే అలా. రెండోది పాట స్థాయిలో ఉండాలి. మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో పాటని ‘వర్క్’ అంటారు, దాన్ని పాడి రికార్డు చేసినదాన్ని ‘రికార్డింగ్’ అంటారు. ‘లాహిరి లాహిరి’ అనే వర్క్‌కి సాహిత్యం పింగళి నాగేంద్రరావు, బాణీ సాలూరి రాజేశ్వరరావు. రికార్డింగ్ దగ్గర గాయకులుగా ఘంటసాల, పి. లీల, వాద్యాల కూర్పు దగ్గర మళ్లీ ఘంటసాల. పక్కనున్న వివరణ గడిలో నాలుగు వాక్యాలు రాసి, అవి ఎక్కడ చదివారో చెప్పండి. ఆ తర్వాత ఎవరూ తిరగ్గొట్టరు, ఎందుకంటే తిరగ్గొట్టడానికి ఏమీ మిగలదు.

అదే పాట తమిళంలోనూ ఉంది, ‘ఆహా ఇన్ప నిలావినిలే’. బాణీ అదే, గొంతులూ అవే. అయినా అది వేరే వర్క్, వేరే రికార్డింగ్. మీ కుర్రాడి స్క్రిప్టు ఆ రెండింటినీ కలపకపోవచ్చు గానీ, ‘రెండూ ఒకటే కదా’ అని ఓ మంచి మనిషి వచ్చి కలిపేస్తాడు. ఓటు వేయాల్సింది ఇలాంటి చోట.

ఇంతకన్నా చిక్కు పాటలు ఉన్నాయి. 1953 ‘దేవదాసు’లో అచ్చులో ఉన్న పేరు సముద్రాల రాఘవాచార్యది. ఆ పాటల వెనక మల్లాది రామకృష్ణశాస్త్రిగారి చెయ్యి ఉందని ఎంతోమంది చెప్పుకుంటారు. ఇక్కడ ఏం చేయాలి? పాట రచయిత గడిలో అచ్చులో ఉన్న పేరే ఉంచండి. చెప్పుకునే మాటని వివరణ గడిలో, చెప్పుకునే మాటగానే రాయండి, ఎవరు ఎక్కడ చెప్పారో తోడుగా పెట్టండి. మీ గ్రూపులోంచి వెళ్లిపోయిన పెద్దాయనకి ఇలాంటివి చాలా తెలిసి ఉంటాయి. అదే సినిమా సంగీత దర్శకుడు సి.ఆర్. సుబ్బురామన్ 1952లోనే, సినిమా విడుదలకి ముందే పోయారు. మిగిలిన పని ఆయన దగ్గరున్న విశ్వనాథన్, రామమూర్తి పూర్తిచేశారు. ఇలాంటి సంగతులు స్క్రిప్టుకి తెలియవు. యాప్‌కి తెలియవు. అందుకే పెద్దాయన వెళ్లిపోవడం మీకు నాలుగు వందల తప్పు ఆల్బమ్‌లకన్నా పెద్ద నష్టం.

‘దేవదాసు’ అనగానే ఇంకోటి గుర్తొచ్చింది. 1953ది సుబ్బురామన్‌ది, 1974ది రమేష్ నాయుడుది, 2006ది చక్రిది, 2018లో వచ్చిన ‘దేవదాస్’ మణిశర్మది. సంవత్సరం రాయకుండా ఒక్క ఎంట్రీ చేర్చినా అది రేపు ఎవరి ఒళ్లో పడుతుందో చెప్పలేం.

ఇప్పుడు ఎక్కడ చూడాలి అనే విషయం. నా వరకు నేను నమ్మే వరుస ఇది. మొదట రికార్డు మీది లేబుల్, లేదా ఎల్పీ అట్ట. దాంతో సమానంగా సినిమా టైటిల్స్. తర్వాత, ఒకప్పుడు సినిమా హాలు దగ్గర అమ్మిన పాటల పుస్తకం. మీ గదిలో అవి కూడా ఉండే ఉంటాయి, పారేయకండి. అందులో రచయిత, గాయకుల పేర్లు పాటవారీగా ఉంటాయి. కాకపోతే సినిమాలోంచి తర్వాత తీసేసిన పాటలు కూడా దానిలో ఉండొచ్చు. ఆ తర్వాత సీడీలు. చిట్టచివర పాటల యాప్. యాప్‌లో ఉన్న పేర్లు తరచుగా ఎప్పుడో చేసిన సంకలనం సీడీ చూసి ఎవరో టైప్ చేసినవే. యాప్‌ని అసలు వాడొద్దని అనను. పాట నిడివి, ప్రతి రికార్డింగుకీ ఇచ్చే గుర్తింపు అయిన ఐఎస్ఆర్‌సీ కోడ్, విడుదలైన డిజిటల్ ఆల్బమ్ వివరాలకి అది పనికొస్తుంది. ఎవరు పాడారు, ఎవరు రాశారు అనేదానికి మాత్రం యాప్‌ని ఒక్కదాన్నే సాక్ష్యంగా పెట్టుకోకండి.

మీ గ్రూపుకి ఒకే ఒక్క నియమం పెట్టమంటాను. ఎడిట్ నోట్ ఖాళీగా ఉండకూడదు. ‘సరిచేశాను’ అని రాసినా ఖాళీ కిందే లెక్క. నోట్ ఇలా ఉండాలి: ‘78 గ్రామఫోను రికార్డు నా దగ్గరుంది. లేబుల్ మీద గాయకుల పేర్లు ఈ వరుసలో ఉన్నాయి. ఫోటో పెట్టాను.’ లేదా, ‘సినిమా టైటిల్స్‌లో రెండో నిమిషం దగ్గర ఈ పేరు పడుతుంది.’ లేదా, ‘యాప్‌లో చూశాను, రికార్డుతో పోల్చలేదు.’ ఆ మూడోది కూడా మంచి నోటే. పదేళ్ల తర్వాత అక్కడికి వచ్చే మనిషికి దాన్ని ఎంత నమ్మాలో తెలుస్తుంది. ఆ కుర్రాడి స్క్రిప్టులోనే ఆ వాక్యం ప్రతి నోట్‌లోకి చేరేలా పెట్టమనండి. ఐదు నిమిషాల పని.

నోట్ ఖాళీగా వదిలితే ఏమవుతుందో నా చేతుల మీదుగా జరిగింది చెబుతాను. చాలా ఏళ్ల క్రితం, 1970లలో సినిమా పాటలతో పేరు తెచ్చుకున్న వి. రామకృష్ణగారి పేజీని, భక్తిగీతాలు పాడిన ఇంకో రామకృష్ణ పేజీతో కలిపేశాను. వినకుండానే. క్యాసెట్ అట్ట మీద పేరు అదే, భాష అదే, నాకు అనుమానం రాలేదు. నోట్ రాయలేదు. ఎవరూ ఓటెయ్యలేదు. వారం తిరిగేసరికి లోపలికి వెళ్లిపోయింది. ఆరు నెలల తర్వాత ఆ భక్తిగీతాల గాయకుడి శిష్యుడొకరు చూసి, నాకు మర్యాదగా ఒక నోట్ రాశారు. కలపడం ఒక్క నొక్కుడు, విడదీయడానికి అలాంటి నొక్కుడు లేదు. రెండో మనిషికి కొత్త పేజీ చేసి, పాటలు ఒక్కొక్కటిగా విని, ఒక్కొక్కటిగా మార్చాలి. రెండు ఆదివారాలు పట్టింది. ఏ పాట ఎవరిదో తేలనివి ఇంకా నాలుగైదు ఉన్నాయి. ‘ఈ క్యాసెట్ చూసి కలుపుతున్నాను’ అని అప్పుడు ఒక్క వాక్యం రాసి ఉంటే, ఎవరో ఒకరు ‘ఆ క్యాసెట్‌లో ఉన్నది వేరే ఆయన’ అని ఆ వారంలోనే చెప్పేవారు.

అందుకే మీ ఓపికని చేర్చడాల మీద ఖర్చుపెట్టకండి. అదనంగా చేరిన ఎంట్రీని ఎప్పుడైనా సరైనదానిలో కలపొచ్చు. తప్పుగా కలిపినది విడదీయడమే నరకం. మీ ఆరుగురూ తలా ముప్పై నలభై మంది కళాకారులని పంచుకుని, వాళ్ల పేజీలకి సబ్‌స్క్రైబ్ చేసుకోండి. ఆ పేజీల్లో ఎవరు ఏం మార్చినా మీకు మెయిల్ వస్తుంది. ఆదివారం ఒక గంట కూర్చుని, కలపడాలు, తీసెయ్యడాలు మాత్రమే చూడండి. వ్యతిరేక ఓటు వేసేటప్పుడు దాంతోపాటు ఒక ప్రశ్న రాయండి. ‘ఇది తప్పు’ అని రాస్తే అవతలివాడికి పౌరుషం వస్తుంది. ‘మీరు ఏ రికార్డు చూశారండీ? నా దగ్గరున్నదానిలో ఇంకో పేరు ఉంది’ అని రాస్తే రికార్డు తీసి చూస్తాడు.

పాటలని కలిపేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. 78 రికార్డు ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకే. సినిమాలో ఐదు నిమిషాలున్న పాటని రికార్డు కోసం కుదించారు, లేదా మళ్లీ పాడించారు, లేదా రెండు వైపులా రెండు భాగాలు చేశారు. పేరు ఒకటే కదా అని సినిమా పాటనీ రికార్డు పాటనీ కలిపితే అందులో ఒకటి ఇక లేనట్టే. నిడివి చూడండి. తేడా పది సెకన్లు దాటితే రెండూ విని తేల్చుకోండి. పాటని విని వేలిముద్రలాంటి గుర్తు తీసే అకూస్ట్ ఐడీ (AcoustID) అనే పద్ధతి కూడా ఉంది, దాని సాయం తీసుకోండి, తీర్పు మాత్రం మీ చెవులదే. ‘మాయాబజార్’ 2010లో రంగుల్లో, కొత్త ధ్వనితో మళ్లీ వచ్చింది కదా. ఆ ధ్వనినీ పాత రికార్డునీ వినకుండా ఒకటనుకోకూడదు.

స్పెల్లింగుల గొడవలో ఎక్కువ సేపు ఉండొద్దు. బాలసుబ్రహ్మణ్యమా, బాలసుబ్రమణ్యమా, ఎస్పీ బాలూనా అని కొట్టుకునేవాళ్లని చూశాను. అన్నిటినీ ఆయన పేజీలో మారుపేర్లుగా పెట్టేస్తే ఏది వెతికినా ఆయనే వస్తారు, అయిపోయింది. ఒక్క విషయం మాత్రం తెలుసుకోండి. మీకు ‘మాయాబజార్’ అనే రెండు ఎంట్రీలు అచ్చుగుద్దినట్టు ఒకేలా కనిపించి, వెతికితే మాత్రం ఒక్కటే దొరుకుతోందంటే, వాటిలో ఒకదాని చివర పొల్లు తర్వాత కంటికి కనిపించని అక్షరం ఉండి ఉంటుంది. ఫోన్‌లో టైప్ చేసేటప్పుడు, అక్షరాలు కలిసిపోకుండా కీబోర్డే దాన్ని పెడుతుంది. కర్సర్‌ని చివర పెట్టి వెనక్కి చెరిపి చూడండి. ఒకసారి నొక్కినా అక్షరం చెరగకపోతే అదే. నేను ఒక మధ్యాహ్నమంతా కళ్లు చిట్లించి చూసి, చివరికి ఇలాగే పట్టుకున్నాను.

ఇలాంటివి పట్టుకోవడంలోనే మీకు ఆ కుర్రాడు కావాలి. డేటాబేస్ మొత్తం దించుకునే వీలుంది. అంతవరకూ వెళ్లక్కర్లేదు, సెకనుకి ఒక ప్రశ్న చొప్పున ప్రోగ్రాం ద్వారా అడిగినా జవాబిస్తుంది. అతన్ని మూడు జాబితాలు చేసిపెట్టమనండి. కనిపించని అక్షరంతో వేరైన జంట పేర్లు ఒకటి, సంవత్సరం లేని తెలుగు ఆల్బమ్‌లు రెండోది, పేరు ఒకటే ఉండి నిడివి పది సెకన్లకన్నా ఎక్కువ తేడా ఉన్న పాటలు మూడోది. దించేయడం నేర్చినవాడికి ఏరడం ఇంకా బాగా వస్తుంది. ఇకమీదట దించేవి ఒక్కసారికి పదికి మించొద్దనండి, ఆ పదిలో ఒకటి తన చెవులతో విని పోల్చాక తర్వాతి పది. కోప్పడకుండా చెబితే వింటాడు. రెండు నెలల పాటు జీతం లేకుండా రాత్రిళ్లు కూర్చున్నాడంటే వాడికీ ఈ పాటలంటే ప్రేమే.

పెద్దాయనకి మెసేజ్ పెట్టకండి, ఫోన్ చేయండి. వీలైతే ఇంటికి వెళ్లండి. కుర్రాడి తరఫున క్షమాపణ చెప్పే బాధ్యత మీ మీద వేసుకోవద్దు, అది అతను చెప్పుకుంటాడు. మీరు ఒక పని అడగండి. ‘మల్లాదివారి సంగతి మీకెలా తెలుసు, ఎవరు చెప్పారు, ఎక్కడ చదివారు, చెప్పండి, నేను రాసుకుంటాను’ అనండి. కంప్యూటర్ ముందు కూర్చోవడం ఆయనకి అక్కర్లేదు. ఆయనకి తెలిసినదాన్ని మీరు వివరణ గడుల్లోకి చేర్చి, ఆయన పేరు వద్దంటే పేరు లేకుండా పెట్టండి.

మనదే ఒక డేటాబేస్ పెట్టుకుందామా అన్నారు. నా సలహా, వద్దు. ఆవేశంలో మొదలుపెట్టిన అలాంటివి ఎన్నో చూశాను. డొమైన్ డబ్బులు కట్టే మనిషి జబ్బుపడితే అంతటితో ఆగిపోతాయి. మ్యూజిక్‌బ్రెయిన్జ్ వెనక 2004 నుంచి లాభాపేక్ష లేని సంస్థ ఉంది. అందులోని ప్రధాన సమాచారమంతా ఎవరైనా ఏ షరతూ లేకుండా వాడుకునేలా వదిలేశారు. సంస్థ రేపు ఏమైనా, దించుకున్న ప్రతులు ఉంటాయి. మీరు అక్కడ రాసిన సాలూరివారి పేరు రేపు ఎవరి ఫోన్‌లోనో పాట కింద కనిపించే అవకాశం ఉంది. మన సొంత సైట్‌లో రాస్తే ఆ సైట్‌కి వచ్చేవాళ్లకే కనిపిస్తుంది.

మీరు ఈ వారం చేయగలిగిన పని ఒకటి చెబుతాను. నాన్నగారి రికార్డుల్లోంచి ‘మాయాబజార్’ది గానీ ‘దేవదాసు’ది గానీ ఉంటే తీయండి. మెత్తటి పొడిగుడ్డతో మధ్యనుంచి అంచుకి కాకుండా, గాడుల వెంట గుండ్రంగా తుడవండి. పొద్దున్న పూట కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడనిచోట బల్ల మీద పెట్టి, లేబుల్ మొత్తం వచ్చేలా రెండు వైపులా ఫోటో తీయండి. ఫ్లాష్ వేయకండి, లక్క రికార్డు మెరిసి అక్షరాలు కనపడవు. లేబుల్ చుట్టూ ఉన్న నల్లటి జాగాలో చిన్నగా చెక్కిన మ్యాట్రిక్స్ నంబరు, అంటే ఆ వైపు ఏ రికార్డింగో గుర్తుపట్టే నంబరు, ఉంటుంది. రికార్డుని కాస్త వాల్చి పట్టుకుంటే కనిపిస్తుంది, దాన్ని కాగితం మీద రాసుకోండి. ఆ ఫోటోలు ఎంట్రీకి జతచేసి, నోట్‌లో ‘ఈ రికార్డు నా దగ్గరుంది’ అని రాయండి. తర్వాత ఆ లింకు గ్రూపులో పెట్టండి, కుర్రాడికీ చూపించండి.